క్లీనరు వైపు తలుపు

మా ఆడపడుచు కాలు తన నిర్లక్ష్యం వల్లే పోయిందని ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద రాసి అంటించారు మీరు. అబద్ధం. ఆమె మీదకెక్కిన లారీకి బుద్ధంటూ ఉంటే అదే వచ్చి మీ మొహాన ఉమ్మేది. ఆ కాలు తీసింది మీరు. చల్లటి గదుల్లో కూర్చుని, సైకిలెక్కి ఎన్నేళ్ళయిందో మీకే గుర్తులేకపోయినా సైకిలెలా తొక్కాలో మాకు పాఠాలు చెప్పిన మీరు. రోడ్డు మీద గాజు ఊడ్చడానికి మనిషి దొరకలేదు గానీ నీతులు అచ్చేయించడానికి రంగు కాగితం దొరికిన మీరు. ఆస్పత్రి బెంచీ మీద మా పక్కనే కూర్చుని, తప్పు మా ఆయన, ఆడపడుచు ఇద్దరిలో ఎవరి నెత్తిన పెడితే చవగ్గా పోతుందా అని మా మొహాల్లోకి చూసిన మీరు. మీకు చెప్పడం దున్నపోతు మీద వాన కురిసినట్టే. అందుకని మిగతా వాళ్ళు వినేలా చెబుతున్నాను.

మాది సీసాల ఫ్యాక్టరీ. ఎండలు ముదిరితే లోకానికి దాహం, మాకు సీజను. పగిలిన పాత సీసాలు లారీల్లో వస్తాయి, కొలిమిలో కరిగి కొత్త సీసాలై బయటికి పోతాయి. మా ఆయన ఆ పెంకుల లారీ నడిపేవాడు. నేనూ ఆయన చెల్లెలూ లోపల, పగుళ్ళు చూసే బల్ల దగ్గర. వెలుగుతున్న తెల్ల అద్దం ముందు నుంచి సీసాలు వరసగా పోతుంటాయి, పగులున్నదాన్ని చటుక్కున పట్టి పక్కన పడెయ్యాలి. ఆడపడుచు మాతోనే ఉంటుంది, అత్త కూడా. రెండు గదులు, నలుగురు మనుషులు, గోడకి ఆనించిన రెండు సైకిళ్ళు.

ఆడపడుచుని షెడ్డులో అందరూ తూనీగ అంటారు. సైకిలెక్కిందంటే నిలకడ ఉండదు. ఇక్కడుందనుకుంటే అక్కడుంటుంది. నోరు కూడా అంతే.

ఇంటి నుంచి ఫ్యాక్టరీకి ఒకటే రోడ్డు. ఒక పక్క ఫ్యాక్టరీ గోడ, ఇంకో పక్క మురిక్కాలవ. పెంకుల లారీల మీద పట్టా కప్పరు. కప్పి, కట్టి, విప్పేలోపు ఇంకో ట్రిప్పు తోలించొచ్చని పైవాళ్ళ తెలివి. గతుకు వచ్చినప్పుడల్లా పిడికెడు గాజు రోడ్డు మీద రాలుతుంది. ఎండకి తారు మెత్తబడితే పెంకులు అందులో దిగబడి కోరపళ్ళలా నిలబడతాయి. రోడ్డు అంచు పొడుగునా అదే వరస. లారీ చక్రాలు నడిచే రెండు చారల్లో మాత్రం గాజు నలిగి పిండైపోతుంది. అందుకని సైకిళ్ళన్నీ ఆ చారల్లోనే పోతాయి, లారీకి ముందో వెనకో, ఎప్పుడూ లారీ దారిలోనే. అది చావు దారని మాకు తెలీదా? తెలుసు. కానీ ట్యూబు పేలితే పూట పోతుంది. పూట పోతుందన్న భయం ఎప్పుడూ ముందు నిలబడుతుంది. చావు భయం దాని వెనక నక్కి ఉంటుంది.

ఫ్యాక్టరీ సైరను రెండో కూతకి గేటు మూసేస్తారు. మూశాక వచ్చినవాళ్ళకి సగం రోజు లేనట్టే. ఒకప్పుడు మనుషులకీ సైకిళ్ళకీ వేరే చిన్న గేటుండేది. ఆ సీజను మొదట్లో సీసాల పెట్టెలు పెట్టడానికి చోటు చాల్లేదని దానికి అడ్డంగా పేర్చేశారు. ఇక లారీకీ, సైకిలుకీ, మనిషికీ ఒకటే పెద్ద గేటు. ఏనుగులూ చీమలూ ఒకే ద్వారంలోంచి దూరాలి, అదీ కూత ఆగేలోపు.

ఇంకోటి. లారీలో డ్రైవరు కూర్చునే వైపు కాక రెండో వైపుని క్లీనరు వైపంటారు. ఖర్చు తగ్గించాలని సీజనుకి ముందే క్లీనర్లందర్నీ ఇంటికి పంపేశారు. పేరు మిగిలింది, మనిషి పోయాడు. మలుపు తిరిగేటప్పుడు ఆ తలుపు మీద చరిచి "ఆపన్నా, ఆపు!" అని అరిచే గొంతు లేదు.

ఇవన్నీ చేశాక మీకు భద్రత గుర్తొచ్చింది. వారోత్సవం పెట్టారు.

సేఫ్టీ ఆఫీసరుని మేం పసుపు టోపీ అంటాం. అన్నం తినేటప్పుడు కూడా ఆ టోపీ తియ్యడు, అదేదో పుట్టుకతో వచ్చినట్టు. మమ్మల్నందర్నీ యార్డులో ఎండలో నిలబెట్టి, తను షామియానా నీడలో నిలబడి మొదలుపెట్టాడు.

"ఏమ్మా, లారీ పెద్దదా, సైకిలు పెద్దదా?"

"లారీయే సార్," అన్నారు ముందు వరసలో వాళ్ళు.

"మరి ఎవరు జాగ్రత్తగా ఉండాలి?"

"పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని చూసుకోవాలని మా అమ్మ చెప్పింది సార్," అంది తూనీగ వెనక నుంచి.

అందరూ నవ్వారు. పసుపు టోపీ నవ్వలేదు.

"నోరు బాగానే ఉంది. బ్రేకులున్నాయా?"

"నోటికా సార్, సైకిలుకా?"

నేను మోచేత్తో పొడిచాను. ఊరుకోమని కాదు, నేను మాట్లాడాలని. "సార్, రోడ్డు అంచున గాజుంది. ఊడ్పించండి."

"చూసుకుని పోవాలమ్మా."

"చూసుకుంటూ పోతే రెండో కూత అయిపోతుంది."

"ముందే బయల్దేరాలి."

"ముందే వస్తే గేటు దగ్గర లారీలుంటాయి. చిన్న గేటు తీయించండి."

"ప్రతిదీ కంపెనీ మీదకి తోసేస్తే ఎలాగమ్మా? మీ ప్రాణం మీద మీకు బాధ్యత లేదా?"

జిడ్డు కుండకి నీళ్ళు అంటవు. ఈ మనిషికి మాట అంటదు.

అతను చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం నిజం. "మలుపు తిరిగే లారీ పక్కకి దూరకండి. వెనకే ఆగండి. డ్రైవరు మొహం మీకు కనబడకపోతే మీరు డ్రైవరుకి కనబడరని గుర్తు పెట్టుకోండి." ఈ మాట మా ఆయన నాకు ఎప్పుడో చెప్పాడు, నేను షెడ్డులో ఆడవాళ్ళకి గొంతు పోయేలా చెప్పాను. మాలో బుద్ధిలేనివాళ్ళు లేరని నేననను. ఎత్తు ఎక్కలేక లారీ వెనక గొలుసు పట్టుకుని వేలాడే మగవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. వెధవ నోట్లోంచి వచ్చినా నిజం నిజమే. దాన్ని నేను కాదనను. కానీ నిజం చెప్పడానికి హక్కుండాలి కదా. దారి మూసేసినవాడే దారి చూపిస్తానంటే ఎలా వినేది?

చివర్లో కాగితాలు పంచారు. ఎర్రటి పెద్ద అక్షరాలు, "నా ప్రాణం నా బాధ్యత", పక్కన సైకిలు మీద నవ్వుతున్న బొమ్మ. ప్రతి సైకిలు మడ్‌గార్డుకీ ఒకటి అంటించారు. లారీలకి ఇంకా పెద్దవి, క్లీనరు వైపు తలుపుకి కింద భాగంలో.

"అక్కడెందుకు?" అనడిగాను మా ఆయన్ని ఆ సాయంత్రం.

"సైకిలు తొక్కేవాళ్ళ కంటికి సరిగ్గా అందుతుందట," అన్నాడు. అని, చెప్పుల వారు బిగించుకుంటూ కూర్చున్నాడు. ఇంకేమీ అనలేదు. ఆయనెప్పుడూ మాటల పొదుపు మనిషి, నేనేమీ అనుకోలేదు.

అన్నా చెల్లెళ్ళకి ఒక అలవాటుంది. గేటు దగ్గర వరసలో ఆయన లారీ ఉంటే, తూనీగ దాన్ని దాటిపోతూ క్లీనరు వైపు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తుంది, నేనే అన్నా అని. ఆయన హారను ఒకసారి కుయ్యిమనిపిస్తాడు, చూశాలే పో అని. ఆయన లారీ ఎక్కిన కొత్తలో మొదలైన సరదా అది.

నాకు నచ్చేది కాదు. ఓ పొద్దున దార్లో గట్టిగానే అడిగాను. "ఒసేయ్, అందరికీ నేను నీతులు చెబుతుంటే నువ్వు నా కళ్ళ ముందే లారీ పక్కకి దూరతావా?"

"వేరే లారీ అయితే దూరతానా వదినా? నాకేమన్నా పిచ్చా? అది అన్న లారీ."

"అన్న లారీకి చక్రాలుండవా?"

"చక్రాలుంటాయి. అన్న కూడా ఉంటాడు కదా." అని గంట టింగుమని కొట్టి ముందుకి పోయింది.

సీజను మంచి ఊపులో ఉన్నప్పుడు జరిగింది. ఆ రోజు తూనీగ సైకిలు ముందు చక్రం దార్లో పోయింది. అంచున ఒక లారీకి దారివ్వబోయి పెంకు మీదకి ఎక్కించింది. పంక్చరు వేయించుకుని వస్తా, నువ్వు పో వదినా అంది. నేను ముందే లోపలికొచ్చి సైకిలుకి తాళం వేస్తున్నాను. గేటు దగ్గర మా ఆయన లారీ. దాని ముందు లారీ కదిలింది, ఈయనా కదిలాడు. గేటు గోడ వైపుకి, అంటే క్లీనరు వైపుకి తిరగాలి. అప్పుడే రెండో కూత మొదలైంది. తూనీగ తొక్కుకుంటూ రావడం చూశాను. లారీకీ గోడకీ మధ్య సైకిలు పట్టేంత సందు. ఎప్పటిలాగే చెయ్యెత్తి తలుపు మీద కొట్టింది. ఒకటి, రెండు. కూతలో ఆ చప్పుడు నాకే వినబడలేదు. హారను మోగలేదు. తనకి మోగినట్టే అనిపించిందేమో, లేకపోతే మోగినా కూతలో కలిసిపోయిందనుకుందేమో, ముందుకే పోయింది.

కూత ఆగింది. లారీ కూడా ఆగింది.

మా ఆయన దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చాడు. సైకిలు చూశాడు. ఆ మడ్‌గార్డు ఆయనే రంగు వేసినది. అయినా "ఎవరు?" అన్నాడు. నా వైపు చూసి మళ్ళీ "ఎవరే?" అన్నాడు. కింద నుంచి "అన్నా" అని తనే పిలిచింది.

ఇది రాయకపోతే నాకు తిండి సయించదు, అందుకే రాస్తున్నాను. లారీ సగం లోపల, సగం బయట ఉంది. దాని కింద మనిషి ఉంది. వాచ్‌మన్ మిగిలిన సందుకి అడ్డంగా గొలుసు వేసి, "కూతైపోయింది, కూతైపోయింది" అని వెనకవాళ్ళని ఆపుతున్నాడు. తూనీగని బయటకి లాగి, చేతుల మీద మోసినవాళ్ళు నలుగురో ఐదుగురో. వాళ్ళందరికీ ఆ రోజు సగం రోజు కూలే వేశారు. ఆలస్యంగా వచ్చారట. ఆ రాసిన చేతికి అన్నం ఎలా దిగుతుందో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

మోకాలి పైదాకా తీసేశారు.

పసుపు టోపీ ఆస్పత్రికి వచ్చాడు. టోపీతోనే వచ్చాడు. మంచం పక్కన పళ్ళ సంచి పెట్టి, నిట్టూర్చి, కళ్ళు మూసుకుని పడుకున్న మనిషితో అన్నాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా?"

కాలు లేని మనిషితో. నేను ఆ పళ్ళ సంచిని నడవలోకి విసిరేశాను. నర్సు తిట్టింది. తిట్టనీ.

నడవలో బెంచీ మీద మా అత్త కూర్చునుంది. దాని చివర మా ఆయన, గోడ వైపు తిరిగి. పసుపు టోపీ మధ్యలో చోటు చేసుకుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు, మా మేలు కోరినవాడిలాగా.

"చూడండమ్మా, విచారణ ఉంటుంది. విచారణ అంటే ఎవరిదో ఒకరిది తప్పు తేలాలి. డ్రైవరుది తేలితే ఇతని పని పోతుంది, పోలీసు కేసు కూడా. సైకిలు తప్పని తేలితే అమ్మాయి పనిలోకి రావడం కుదరదు, అంతే. ఇద్దరూ మీ ఇంట్లోవాళ్ళే. నేనెందుకు మధ్యలో? మీరే తేల్చుకుని చెప్పండి."

మా అత్త చాలాసేపు అతన్నే చూసింది. "బాబూ, నాకు రెండు కళ్ళు. ఏ కంట్లో వేలు పెట్టుకోమంటావు?"

"అలా అనకండమ్మా. కొంచెం ఆలోచించి..."

"ఆలోచించే అడిగా. నీకు తల్లుందా?"

అతను లేచి టోపీ సర్దుకున్నాడు.

విచారణకి ముందు యార్డులో ఇంకో ప్రదర్శన పెట్టారు. మా ఆయన లారీనే తెచ్చి నిలబెట్టారు. చక్రాలు కడిగారు. సైకిలు మీద వచ్చే మేమందరం ఒక్కొక్కరం డ్రైవరు సీటెక్కి చూడాలట. క్లీనరు వైపు, గేటు సందంత దూరంలో, ఒక సైకిలు నిలబెట్టారు. మడ్‌గార్డు మీద బొమ్మ నవ్వుతూనే ఉంది.

"సైకిలు కనబడుతోందా?" అని కింద నుంచి పసుపు టోపీ.

"లేదు సార్."

"చూశారా? డ్రైవరుకి కనబడదు. కనబడదని తెలిసినప్పుడు ఎవరు జాగ్రత్తపడాలి? దిగు. తర్వాతవాళ్ళు."

ఒక్కొక్కరే ఎక్కారు, దిగారు. దిగినప్పుడు తలలు వంచుకునే దిగారు. "నిజమేనే, ఏం కనబడటం లేదు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు," అని ఒకావిడ నాతోనే అంది. మా నెత్తిన మా చేతే చెయ్యి పెట్టించడం అంటే ఇదే.

నా వంతొచ్చింది. ఎక్కాను. ఆ సీట్లో నేను అంతకుముందెప్పుడూ కూర్చోలేదు. అద్దంలో లారీ ఒళ్ళు పొడుగ్గా వెనక్కి పోతోంది. సైకిలు లేదు. మెడ సాచాను. పై కిటికీలోంచి గోడ కనబడింది, ఆకాశం కనబడింది, సైకిలు లేదు. ఖాళీ క్లీనరు సీటు దాటి కిందకి చూశాను. తలుపు కింద భాగంలో జానెడున్నర గాజు పలక బిగించి ఉంది. దాని మీద ఎండ ఎర్రగా పడుతోంది. అక్షరాలు తిరగబడి ఉన్నాయి.

"సార్, ఈ తలుపుకి కింద గాజెందుకుంది?"

"ఏంటీ?"

"తలుపు కింద గాజు పెట్టారు కదా. ఎందుకూ?"

పక్కనున్న ఇంకో ఆఫీసరు వైపు చూశాడు. "వెలుతురికి," అన్నాడు.

"వెలుతురికైతే దాని మీద కాగితం ఎందుకంటించారు?"

"దిగమ్మా. వెనక జనం ఉన్నారు."

దిగాను. అతని మొహంలో ఏమీ మారలేదు. సిగ్గు పడాలంటే ముందు అదుండాలి. నా తరవాతావిడని ఎక్కించాడు, "సైకిలు కనబడుతోందా?" అనడిగాడు. ఆవిడ కూడా లేదనే అంది.

నేను వరస దాటి వచ్చి మా ఆయన కోసం చూశాను. దూరంగా డ్రైవర్ల షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఈయనకి ముందునుంచీ తెలుసని.

తూనీగని ఆ సరికే ఇంటికి తెచ్చాం. ముందు గదిలో కిటికీ పక్కన మంచం. సాయంత్రం ఆయన రాగానే చెప్పులైనా విప్పనివ్వలేదు.

"ఆ గాజులోంచి కనబడేదా?"

"ఏ గాజు?"

"నాటకాలొద్దు."

కూర్చున్నాడు. "ఒకసారి చింపాను," అన్నాడు. "మర్నాడు మళ్ళీ అంటించారు. చింపిందెవరని అడిగారు, నేనేనన్నాను. ఇంకోసారి చింపితే తాళంచెవి ఇచ్చేసి పొమ్మన్నారు. కంపెనీ నినాదాన్ని చింపడం క్రమశిక్షణ లేకపోవడమట."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదే?"

"నీతో చెబితే ఊరుకుంటావా? గేటు దగ్గర జెండా పాతేదానివి."

"పాతేదాన్నే! పాతి ఉంటే..." అని ఆపేశాను. మంచం మీద మనిషి వింటోంది.

అత్త స్టవ్ ముందు టీ మరగపెడుతోంది. తూనీగ దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"అన్నా, ఆ కాగితం లేకపోయుంటే నేను కనబడేదాన్నా?"

ఆయన నేల చూశాడు. తలుపు చూశాడు. చివరికి చెల్లెల్ని చూశాడు.

"కనబడేదానివి," అన్నాడు.

అత్త టీ గిన్నె దించింది. నాలుగు గ్లాసుల్లో పోసి, ముందు కొడుకుకి ఇచ్చింది, తర్వాత కూతురికి. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"అయితే ఆ మాట విచారణలో చెప్పు," అంది తూనీగ.

"చెబితే నా పని పోతుంది."

"నా కాలు పోయింది కదా. ఇద్దరం ఇంట్లో కూర్చుందాం. వదిన తెచ్చి పెడుతుంది." అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే విరిగింది. "నేను దూరడం తప్పే అన్నా. వేరే లారీ అయితే ఆగేదాన్ని. నీది కదా అని వచ్చా. ఆ తప్పు నేనొప్పుకుంటా. మిగతాది వాళ్ళనొప్పుకోమను."

విచారణ గదిలోకి నన్ను రానివ్వలేదు. ఆయన వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి మాటల పొదుపు మానేసి అంతా చెప్పాడట. గాజు సంగతి, కాగితం చింపిన సంగతి, క్లీనరు లేని సంగతి. వాళ్ళు విన్నారట. మంచినీళ్ళు కూడా ఇచ్చారట. బయటికి వచ్చేసరికి యార్డులో నలుగురు మనుషులు బ్లేళ్ళూ కిరసనాయిలు గుడ్డలూ పట్టుకుని వరసగా లారీల తలుపులు గీకుతున్నారు. ఎర్రటి తుక్కు కింద రాలుతోంది. పసుపు టోపీ దగ్గరుండి ఊడ్పించాడు. చూశారా, ఊడ్చే మనుషులు దొరికారు!

తర్వాత బోర్డు మీద పెట్టారు. లారీని పరిశీలించగా తలుపు గాజు శుభ్రంగా ఉన్నదట. ప్రమాదానికి సైకిలిస్టు నిర్లక్ష్యమే కారణమట. ఆమెను పని నుంచి తొలగించారట. దాని కింద ఇంకో ముక్క: కంపెనీపై నిరాధార ఆరోపణలు చేసినందుకు డ్రైవరుని కూడా తొలగించారట. ఒక కన్ను ఎంచుకోమన్నవాళ్ళు రెండూ పొడిచారు. ఆ బోర్డు ముందు నిలబడితే నాకు ఏడుపు రాలేదు. వాంతి వచ్చింది. పక్కకి పోయి నిజంగానే కక్కాను.

ఆ సాయంత్రం షెడ్డు వెనక ఆడవాళ్ళం, మగవాళ్ళం అందరం కలిశాం. జెండాలు వద్దన్నాను. నినాదాలూ వద్దన్నాను. "నినాదం వాళ్ళే ఇచ్చారు కదా, మన ప్రాణం మన బాధ్యత అని. రేపటి నుంచి దాన్ని అక్షరం పొల్లు పోకుండా పాటిద్దాం," అన్నాను. గొలుసు పట్టుకుని వేలాడే మగాళ్ళ వైపు వేలు చూపించి, "మీరు కూడా. ఇక నుంచి లారీ తోక పట్టుకున్నవాడి చెయ్యి నేనే విరగ్గొడతా," అన్నాను. నవ్వారు గానీ ఒప్పుకున్నారు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర లారీల వరస. మొదటి లారీ వెనక, డ్రైవరు మొహం అద్దంలో కనబడేంత దూరంలో, మా మొదటి సైకిలు ఆగింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. ఎవరూ పక్కకి దూరలేదు. వెనకొచ్చే లారీలు మా వెనక ఆగాయి. లారీ కదిలితే మేం కదిలాం, ఆగితే ఆగాం. మొదటి కూత వచ్చింది. రెండో కూత వచ్చింది. షిఫ్టు షిఫ్టంతా గేటు బయటే ఉంది. లోపల కొలిమి మాత్రం ఎవరికోసమూ ఆగదు. సీసాలు వస్తూనే ఉంటాయి, చూసే కళ్ళు లేవు, తీసే చేతులు లేవు.

పసుపు టోపీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"ఏంటమ్మా ఇక్కడే నిలబడిపోయారు? రండి, రండి!"

"లారీ తిరుగుతోంది సార్," అంది ముందున్నావిడ.

"పక్కన ఖాళీ ఉంది కదా! పక్కనుంచి దూరండి!"

ఆ మాట ఎవరు అన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో అందరికీ వినబడింది. తూనీగ పడ్డది సరిగ్గా అక్కడే. అతనికి కూడా వినబడినట్టుంది, ఒకడుగు వెనక్కి వేశాడు.

"వద్దులెండి సార్," అంది ఆవిడ. "ప్రమాదం."

ఆ రోజు గేటు మూయలేదు. ఎవర్ని బయట పెడతారు? మూస్తే కొలిమి దగ్గర మీరే నిలబడాలి. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఇది సమ్మె అని రాశారు. కాదు, జాగ్రత్త అని మేం చెప్పాం. బెదిరించారు, పోలీసులొచ్చారు. సైకిళ్ళు లారీ వెనక నిలబడటం ఏ నేరమో పోలీసులకీ తోచక టీ తాగి వెళ్ళిపోయారు. వారం తిరగకుండా చిన్న గేటు ముందు పెట్టెలు మాయమయ్యాయి. దాన్ని కంపెనీ దయ అన్నారు. దయట! దొంగిలించిన చెంబు తిరిగిచ్చి దానం చేశానన్నట్టుంది.

ఇప్పుడు సీజను అయిపోయింది. వానలు పడుతున్నాయి, లారీలు తగ్గాయి. మా ఆయన ఊళ్ళో ఎవరిదో ట్రాలీ తోలుతున్నాడు. ఆ ట్రాలీ కదిల్చే ముందు ప్రతిసారీ దిగి, చుట్టూ తిరిగి చూసి, మళ్ళీ ఎక్కుతాడు. ఓనరు విసుక్కుంటాడు. ఈయన పట్టించుకోడు. ఇంట్లో అన్నా చెల్లెళ్ళు మాట్లాడుకుంటారు, కానీ ఇదివరకటిలా కాదు. ఆయన గదిలోకి వచ్చే ముందు గుమ్మం దగ్గర దగ్గుతాడు.

చిన్న గేటు తీశాం కదా, ఇంకేం కావాలని అడుగుతున్నారట మీరు. చెబుతాను. మా వంతు మేం చేశాం, చేస్తున్నాం. లారీ పక్కకి ఒక్క సైకిలు దూరటం లేదు, వచ్చి చూసుకోండి. మీ వంతు అలాగే ఉంది. విచారణ మళ్ళీ పెట్టండి. మూసిన గదిలో కాదు, గేటు ముందు, మా అందరి ఎదుట. మీరు గీకేసిన కాగితాన్ని మళ్ళీ ఆ గాజుకి అంటించండి. మీలో పెద్దాయన డ్రైవరు సీటెక్కి, పసుపు టోపీ సైకిలు పట్టుకుని ఆ తలుపు పక్కన నిలబడాలి. కనబడితే తప్పు మాదేనని మళ్ళీ రాసుకోండి. కనబడకపోతే బోర్డు మీదది మీ చేత్తోనే చింపండి. ప్రతి లారీలో క్లీనరుని కూర్చోబెట్టండి. పెంకుల మీద పట్టా కప్పించండి. మా ఆయన తాళంచెవి మా ఆయనకివ్వండి. మా ఆడపడుచుది కూర్చుని కళ్ళతో చేసే పని, దానికి కాలుతో పనిలేదు. ఆమె స్టూలు ఆమెకివ్వండి. ఆమె తయారుగా ఉంది. రేపే పిలవండి.